దుకాణం ముందు చెక్కమనిషి ఎవరి మనిషి?

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ అనే మ్యూజియం ఉంది. అందులో 18 వేలకు పైగా నీటిరంగుల బొమ్మలున్న ఒక సేకరణ ఉంది. దాని పేరు ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్. పాత కుర్చీలు, బొంతలు, మట్టిపాత్రలు, ఆటబొమ్మలు, దుకాణాల ముందు పెట్టే గుర్తులు, ఇలాంటి వస్తువులను ఎక్కడ పగులుంటే అక్కడ పగులుతో సహా కాగితం మీద దించారు. ఆ వస్తువుల మధ్య ఒక మనిషి పదేపదే ఎదురవుతాడు. నెత్తిన ఈకల కిరీటం, భుజాన కప్పిన గుడ్డ, మోకాళ్ల దాకా దుస్తు, ఒక చేతిలో చుట్టల కట్టో పొగాకు ఆకులో ఉంటాయి. కొన్నిచోట్ల ఆమె ఆడమనిషి. మగవాడైనా ఆడమనిషైనా కాళ్ల కింద ఒక దిమ్మ ఉంటుంది. చెక్కతో చేసి, రంగులు పూసి, పొగాకు దుకాణం ముందు నిలబెట్టిన ‘ఇండియన్’ బొమ్మ ఇది.

కళా పుస్తకాలు దీన్ని అమెరికా జానపద కళ అంటాయి. చెక్కినవాడి నేర్పు చూడండి, రంగు ఎలా వెలిసిందో చూడండి, నీటిరంగులతో చెక్క నారను ఎలా పట్టుకున్నాడో చూడండి అంటాయి. చూశాం. నేర్పు ఉంది, కాదనం. కానీ ఈ బొమ్మ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న నేర్పు గురించి కాదు. ఇందులో ఆదివాసి ఎక్కడున్నాడు అన్నదే మా ప్రశ్న. మా జవాబు కూడా ముందే చెప్పేస్తాం: ఇందులో ఆదివాసి లేడు. ఆదివాసిని అడ్డం పెట్టుకుని సరుకు అమ్ముకున్న సమాజం ఉంది. ఆ తేడా తెలియకుండా ఈ బొమ్మను మెచ్చుకోవడం నేర్పితే మన పిల్లలకు మనమే తప్పుడు చదువు చెప్పినవాళ్లమవుతాం.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మన గూడెం అని ఎవరైనా అడగొచ్చు. ఆ దేశపు మూలవాసులను మన పుస్తకాలూ సినిమాలూ ‘రెడ్ ఇండియన్లు’ అని పరిచయం చేశాయి. ఆ మాట వినగానే మన ఆశ్రమ పాఠశాల పిల్లవాడి కళ్ల ముందు కూడా ఈకల కిరీటం పెట్టుకుని కదలకుండా నిలబడ్డ మనిషే వస్తాడు. లకోటా, చెయెన్, చెరోకీ, నవాహో అని వాళ్లు వందలాది జాతులనీ, ఎవరి భాష, ఎవరి ఇల్లు, ఎవరి దుస్తులు వారివనీ రాదు. ఒక ఆదివాసి పిల్లవాడికి మరో ఆదివాసి జాతి గురించి దుకాణదారుడు చేయించిన బొమ్మే పాఠమైందంటే, రేపు తన గురించి కూడా అలాంటి బొమ్మ నుంచే నేర్చుకుంటాడు. అందుకే ఈ విషయం మనది.

ఈ చెక్కమనిషి పుట్టింది అమెరికాలో కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పొగాకు వాడకం పెరిగింది. చదువు రాని కొనుగోలుదార్లకు ఏ దుకాణంలో ఏముందో తెలియడానికి బొమ్మలే గుర్తులు. పొగాకు వచ్చేది వర్జీనియా నుంచి కాబట్టి దుకాణం ముందు ఒక ‘వర్జీనియా మనిషి’ని పెట్టారు. చెక్కినవాళ్లలో చాలామంది ఒక్క ఆదివాసిని కూడా చూసి ఎరగరు. కాబట్టి తోటల్లో బానిసగా చాకిరీ చేస్తున్న నల్లజాతి మనిషి ఒంటికి పొగాకు ఆకుల మొలకట్టు కట్టి, ఈకల కిరీటం పెట్టి నిలబెట్టారు. భూమి పోగొట్టుకున్న జాతీ, ఆ భూమిలో బానిసలుగా మగ్గిన జాతీ ఒకే బొమ్మలో కలిసిపోయాయి. ఎవరు ఎవరైతే వాళ్లకేం? సరుకు దూరదేశపుదని కొనేవాడికి తెలిస్తే చాలు.

అమెరికాలో ఈ బొమ్మలు వీధి వీధికీ వచ్చింది 19వ శతాబ్దం రెండో సగంలో. దానికి ఒక కారణం ఓడలు. అంతకుముందు కొయ్య ఓడల ముక్కుకు అందమైన విగ్రహాలు చెక్కే పనివాళ్లుండేవారు. ఇనుప ఓడలు, ఆవిరి ఓడలు వచ్చాక వాళ్ల పని పోయింది. ఆ ఉలి దుకాణం బొమ్మల వైపు మళ్లింది. న్యూయార్క్‌లో శామ్యూల్ రాబ్ లాంటి శిల్పులు ఇదే పనిగా కార్ఖానాలు నడిపారు. తెల్ల దేవదారు దుంగ, నాలుగు రంగులు, కింద దిమ్మ, చాలా దిమ్మలకు చక్రాలు. పొద్దున దుకాణం తెరిచేటప్పుడు బయటికి తోస్తారు, రాత్రి మూసేటప్పుడు లోపలికి లాగుతారు. పని పోయిన శిల్పి మీద మాకు కోపం లేదు. కడుపు నింపుకోవడానికి చెక్కాడు. అయితే అతను ఏం చెక్కాడో చూడకుండా వదిలేయడం కుదరదు.

బొమ్మను తల నుంచి కాళ్ల దాకా చదువుదాం. తరగతిలో పిల్లల చేత కూడా ఇలాగే చదివించవచ్చు.

ముందు తల చూడండి. లకోటా లాంటి మైదాన ప్రాంతపు జాతుల్లో గద్ద ఈక ఊరికే పెట్టుకునే అలంకారం కాదు. ఒక్కో ఈక వెనుక ఒక పని ఉంటుంది, ఆ పనిని గుర్తించిన జనం ఉంటారు. చెక్కమనిషి నెత్తిన ఈకలు ఉలి దెబ్బల లెక్క. ఏ జాతివాడైనా అవే ఈకలు. మన గుస్సాడి నెమలి ఈకల టోపీని తీసుకెళ్లి సవర మనిషికి, చెంచు మనిషికి, యానాది మనిషికి పెట్టి ‘ఆంధ్ర ఆదివాసి’ అని రాసినట్టుంటుంది.

తర్వాత ఒళ్లు చూడండి. చాలా ఆడ బొమ్మల నిలువు, గుడ్డ మడతలు, మెడ వంపు ఓడ ముక్కు మీది విగ్రహాలను పోలి ఉంటాయి. ఎందుకంటే చెక్కిన చెయ్యి అదే. యూరప్ దేవత ఒంటికి ఈకలు గుచ్చి ‘ఇండియన్ రాకుమారి’ అన్నారు. ఆ జాతుల్లో రాజులూ రాకుమార్తెలూ అనే ఏర్పాటు ఉందా లేదా అని ఎవరూ అడగలేదు.

ఇక చేతులు. చుట్టలు చాపిన చెయ్యి ఇచ్చే చెయ్యి. అమెరికాలో చాలా ఆదివాసి జాతులకు పొగాకు ప్రార్థనలో వాడే పవిత్రమైన ఆకు. ఒప్పందం కుదిరినప్పుడు, పెద్దలను పలకరించినప్పుడు, భూమి నుంచి ఏదైనా తీసుకున్నప్పుడు పొగాకు సమర్పిస్తారు. మనకు ఇప్పపువ్వు ఎలాంటిదో ఆలోచించండి, అర్థమవుతుంది. ఆ ఆకును సరుకు చేసి, దాన్ని పవిత్రంగా చూసుకున్న మనిషి చేతికే ఇచ్చి, ‘రండి, కొనండి’ అనిపించారు. రేపు ఎవరో కంపెనీవాళ్లు ఇప్పసారా సీసా మీద నవ్వుతున్న మన ఆడపిల్ల బొమ్మ వేస్తే అది మన సంస్కృతికి గౌరవమని చప్పట్లు కొడదామా?

చివరికి కాళ్లు. కాళ్ల కింద భూమి లేదు, దిమ్మ ఉంది. చక్రాలుంటే తోసిన చోటికి పోతాడు.

ఆ భూమి ఏమైందో చెప్పకుండా ఈ బొమ్మకు అర్థం చెప్పలేం. 1830లో తూర్పు ప్రాంతపు జాతులను మిసిసిపీ నది అవతలికి తరలించే చట్టం చేశారు. 1838లో చెరోకీలను సైన్యం బలవంతంగా నడిపించింది. దారిలో వేలమంది చనిపోయారు. 1864లో శాండ్ క్రీక్ దగ్గర చెయెన్, అరపాహో గుడారాల మీద పడి చంపారు. 1879లో కార్లైల్‌లో బోర్డింగ్ బడి తెరిచి, పిల్లల జుట్టు కత్తిరించి, మాట్లాడే భాషను మాన్పించారు. 1887లో డావ్స్ చట్టం ఉమ్మడి భూమిని ముక్కలు చేసి కుటుంబానికింత అని పంచి, మిగిలింది ‘అదనం’ అని తెల్లవాళ్లకు తెరిచింది. ఆ చట్టం వచ్చినప్పుడు ఆదివాసుల చేతిలో 13.8 కోట్ల ఎకరాలుండేవి. 1934 నాటికి 4.8 కోట్లు మిగిలాయి. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర ఆడవాళ్లు, పిల్లలతో సహా లకోటాలను సైన్యం కాల్చి చంపింది.

ఇప్పుడు రెండు కాలాలను పక్కపక్కన పెట్టి చూడండి. చెక్కమనుషులు వీధుల్లో ఎక్కువగా నిలబడింది సరిగ్గా ఈ ఏళ్లలోనే. బతికున్న మనిషిని రిజర్వేషన్ సరిహద్దు దాటనివ్వని కాలంలో చెక్కమనిషి న్యూయార్క్ కాలిబాట మీద దర్జాగా నిలబడ్డాడు. బతికున్నవాడు భూమి అడుగుతాడు, ఒప్పందం చూపిస్తాడు, తిరగబడతాడు. చెక్కమనిషి ఏమీ అడగడు. ఆ సమాజానికి కావలసింది అలాంటి ఆదివాసే.

1930ల్లో మరో మలుపు వచ్చింది. అమెరికాలో ఆర్థిక మాంద్యం. లక్షలాది మందితో పాటు చిత్రకారులకూ పని లేదు. రూజ్వెల్ట్ ప్రభుత్వం వాళ్లకు జీతమిచ్చి పని కల్పించింది. అందులో భాగమే 1935 నుంచి 1942 దాకా సాగిన ఈ ఇండెక్స్. వందలాది చిత్రకారులు దేశమంతటా పాత వస్తువులు వెతికి బొమ్మలు గీశారు. ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టును నడిపిన హోల్గర్ కేహిల్ అంతకుముందే, 1932లో, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో అమెరికా సామాన్యుడి కళ అనే పేరుతో ప్రదర్శన పెట్టాడు. సామాన్యుడి చేతిపనిని గౌరవించాలన్న ఆలోచన మంచిదే. పేదవాడి కుర్చీనీ, ముసలామె బొంతనూ మ్యూజియంలోకి తెచ్చిన పని అది. మేం కూడా మెచ్చుకుంటాం.

కానీ ఆ సామాన్యుడు ఎవరు? ఆదివాసులు తమ చేతులతో చేసిన వస్తువులను ఈ ఇండెక్స్ పరిధిలోకి తీసుకోలేదు. అది మానవశాస్త్రవేత్తలు చూసుకునే పని అనుకున్నారు. ఈ ఒక్క నిర్ణయం దగ్గర మేం ఆగిపోతున్నాం. మీరు కూడా ఒక్క క్షణం ఆగండి. ఆదివాసి అల్లిన బుట్ట అమెరికా కళలో చేరలేదు. ఆదివాసి పూసల పని చేరలేదు. ఆదివాసిని ఎన్నడూ చూడని చేతులు మొదలుపెట్టిన చెక్కమనిషి మాత్రం చేరాడు. చేసినవాడుగా ఆదివాసికి తలుపు మూసి, సరుకుగా తలుపు తెరిచారు. తెల్లవాడు చేస్తే జానపద కళ, ఆదివాసి చేస్తే మానవశాస్త్ర నమూనా. ఈ గీత అక్కడే ఆగిపోయిందనుకోకండి. మన దగ్గర కూడా ఆలయ శిల్పం కళ అవుతుంది, గూడెం గోడ మీది బొమ్మ ‘గిరిజన జీవన విధానం’ అవుతుంది. ఒకటి ఆర్ట్ గ్యాలరీకి పోతుంది, మరొకటి గిరిజన మ్యూజియానికి పోతుంది.

నీటిరంగుల చిత్రం ఇంకో పని కూడా చేసింది. ఈ చిత్రాల్లో బొమ్మ చుట్టూ ఖాళీ తెల్ల కాగితం ఉంటుంది. దుకాణం లేదు, వీధి లేదు, కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. వస్తువు వివరం స్పష్టంగా కనిపించాలని అలా గీశారు, అది వాళ్ల పద్ధతి. కుర్చీకి ఆ పద్ధతి సరిపోతుంది. చెక్కమనిషికి సరిపోదు. దుకాణం చెరిగిపోగానే అతను గుర్తుబోర్డు అన్న సంగతి చెరిగిపోయింది. ఇప్పుడు అతను అందమైన రూపం మాత్రమే. కాగితం తెల్లగా ఉన్న చోటంతా మనం అడగాల్సిన ప్రశ్నలున్నాయి.

చిత్రకారుడి నిజాయితీకి మాత్రం దండం పెడతాం. రంగు పెచ్చులూడిన చోట పెచ్చులూడినట్టే గీశాడు, చెక్క బీట వారిన చోట బీట గీశాడు. ముఖం మీద బీట కనిపిస్తే, ఇది మనిషి చర్మం కాదు, దుంగ అని తెలిసిపోతుంది. ఆ బొమ్మలు మనకు సాక్ష్యంగా మిగిలింది ఆ నిజాయితీ వల్లే. మేం ఈ చిత్రాలను చింపమనడం లేదు, దాచమనడం లేదు. వాటి కింద రాసిన చీటీ మార్చమంటున్నాం.

మాతో వాదించేవాళ్లు మూడు మాటలంటారు. మొదటిది: దుకాణాల ముందు ఒక్క ఆదివాసి బొమ్మే కాదు, తలపాగా తుర్కీవాడు ఉన్నాడు, నస్యం అమ్మే స్కాట్లాండ్ సిపాయి ఉన్నాడు, వాళ్లకు లేని బాధ మీకెందుకు అంటారు. నిజమే, ఉన్నారు. కానీ స్కాట్లాండ్ మనిషి ఆ దుకాణంలోకి గిరాకీగా నడిచి వెళ్లగలడు, దుకాణం పెట్టగలడు, పత్రిక నడపగలడు, ఓటు వేయగలడు. అతనికి వంద రూపాలున్నాయి, అందులో చెక్కబొమ్మ ఒకటి. అదే ఊళ్లో ఆదివాసికి చెక్కబొమ్మ తప్ప మరో రూపం కనిపించదు. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం దక్కింది 1924లో. అంతకన్నా చాలా ముందే చెక్కమనిషికి కాలిబాట మీద చోటు దొరికింది.

రెండో మాట: ఇది ఆదివాసులకు గౌరవం, ముఖంలో ఎంత హుందాతనం ఉందో చూడండి అంటారు. గౌరవించేవాడు ముందు పేరు అడుగుతాడు. ఈ బొమ్మల్లో ఏ ఒక్కటీ ఏ జాతిదో చెప్పలేకపోతే, అది ఎవరికి గౌరవం?

మూడో మాట: పాత కాలం అలాంటిది, ఇప్పటి కళ్లతో తీర్పు చెప్పకూడదు అంటారు. సరే, ఆ కాలపు కళ్లతోనే చూద్దాం. ఆ కాలంలో ఆదివాసుల కళ్లు కూడా ఉన్నాయి కదా. అవి ఏం చూశాయో గీసి పెట్టాయి కూడా.

1875లో అమెరికా సైన్యం చెయెన్, కయోవా, అరపాహో, కమాంచీ జాతులకు చెందిన 72 మందిని, ఎక్కువమంది యోధులను, సంకెళ్లేసి దూరాన ఫ్లోరిడాలోని ఫోర్ట్ మారియన్ కోటలో పెట్టింది. 1878 దాకా వాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్ల తాతలు అడవిదున్న తోలు మీద తమ వేటలనూ యుద్ధాలనూ గీసేవారు. అడవిదున్నలను తెల్లవాళ్లు మందలు మందలుగా చంపేశాక తోలు కరువైంది. అందుకని మైదాన ప్రాంతపు జాతులు వ్యాపారుల, సైనికుల ఖాతా పుస్తకాలు సంపాదించి, ఆ గీతల కాగితాల మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. కోట ఖైదీలు డ్రాయింగ్ పుస్తకాల్లో ఆ పని కొనసాగించారు. చెయెన్ జాతి హౌలింగ్ వుల్ఫ్, కయోవా జాతి జోటమ్ అలాంటి చిత్రకారులు. గుర్రాల మీద వేట, ఇళ్ల ముంగిట పెళ్లి మాటలు, తమను ఎక్కించుకొచ్చిన రైలు, కోట గోడలు, అన్నీ గీశారు. మైదాన ప్రాంతపు బొమ్మల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి తల మీద ఒక చిన్న బొమ్మ గీసి, దాన్ని గీతతో తలకు కలుపుతారు. అది అతని పేరు.

న్యూయార్క్‌లో పేరు లేని చెక్కమనిషిని చెక్కుతున్న ఏళ్లలోనే, సంకెళ్లలో ఉన్న ఆదివాసులు తమ మనుషులను గీస్తున్నారు. ఒకే కాలం, ఒకే దేశం. దుకాణం ముందు నిలబడ్డది వాళ్లు చేసిన ఆదివాసి. దుకాణం ఖాతా పుస్తకంలో గుర్రమెక్కి పరుగెత్తింది ఆదివాసి చేసుకున్న ఆదివాసి. ఇద్దరిలో ఎవరిని నమ్ముదాం?

ఆ ఖైదీల బొమ్మలను కోట చూడ్డానికొచ్చిన యాత్రికులు కొనుక్కునేవారు. అంటే అవి కూడా అమ్ముడుపోయినవే. కాబట్టి అమ్మకమే తప్పని మేం అనడం లేదు. ఏం గీయాలో, ఎవరిని గీయాలో నిర్ణయించిన చెయ్యి ఎవరిది, డబ్బు ఎవరి చేతికొచ్చింది అన్నదే లెక్క.

1987లో జేమ్స్ లూనా అనే లుయిసెన్యో జాతి కళాకారుడు శాన్ డియేగోలోని ఒక మ్యూజియంలో తనే ప్రదర్శన వస్తువయ్యాడు. గోచీ కట్టుకుని, ఇసుక పరిచిన పెట్టెలో కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఒంటి మీది మచ్చలు ఎలా వచ్చాయో చెప్పే చీటీలు పక్కన పెట్టాడు. వేరే పెట్టెల్లో తన చదువు పట్టా, తను వినే పాటల రికార్డులు, ఫోటోలు పెట్టాడు. చూడవచ్చినవాళ్ల ముందు ఆ ‘వస్తువు’ ఊపిరి పీల్చుకుంటూ ఉంది. చెక్కమనిషికి వంద ఏళ్ల తర్వాత ఒక ఆదివాసి ఇచ్చిన జవాబు ఇది.

ఇక మన ఊళ్లకు వద్దాం. మన చరిత్రా వాళ్ల చరిత్రా ఒకటేనని మేం చెప్పడం లేదు. మనకు రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు ఉంది. 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గనులకు భూమి లీజుకివ్వడం చెల్లదన్న 1997 సమత తీర్పు ఉంది. అటవీ హక్కుల చట్టం ఉంది. వాటిని సాధించుకోవడానికి ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న రక్తం చిందించిన జనం ఉన్నారు. కానీ బొమ్మ విషయంలో మన పక్కన కూడా చెక్కమనుషులు లేస్తున్నారు. పర్యాటక కేంద్రాల ముందు, హోటళ్ల గుమ్మాల్లో, ఉత్పత్తుల డబ్బాల మీద, రోడ్డు పక్క గోడల మీద చూడండి. ఆకుల దుస్తులు, చేతిలో విల్లు, నల్లరంగు పూసిన ఒళ్లు, తెల్లగా బయటపడ్డ పళ్లు. ఏ తెగ? కోయా, కొండరెడ్డా, కొలామా, గదబా? పేరుండదు. ఆ గోడ వెనుక గుట్ట మీద పోడు పట్టా కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న మనిషి ఉంటాడు. గోడ మీది మనిషికి రంగులేయడానికి డబ్బు దొరుకుతుంది.

నాయకుడు వస్తే థింసా ఆడించడం, గుస్సాడి టోపీ పెట్టి ఫోటో దిగడం మామూలైపోయింది. గుస్సాడి దండారి పండగలోది. ఆ టోపీ పెట్టుకున్న మనిషి పండగ పూర్తయ్యేదాకా పాటించాల్సిన నియమాలున్నాయి, అతని వెనుక దేవుడున్నాడని జనం నమ్మకం ఉంది. ఆ టోపీని సన్మానపు శాలువాలా ఎవరి నెత్తినైనా పెట్టేస్తే, లకోటా ఈకకు ఏం జరిగిందో దీనికీ అదే జరుగుతుంది. తప్పు అడిగినవాళ్లది మాత్రమే కాదు. తీసి ఇస్తున్న మన చేతులది కూడా.

అన్నిటికన్నా మాకు బాధ కలిగించేది బడి. ఆగస్టు 9న ఆదివాసి దినోత్సవం చేస్తారు. సంతోషం. ఆ రోజు పిల్లలకు ఆకులు చుట్టి, కోడి ఈకలు గుచ్చి, మసి పూసి, ‘ఆదివాసి వేషం’ వేయిస్తున్న బడులున్నాయి. ఒక్కసారి ఆలోచించండి టీచర్లూ. ఆ పిల్ల ఆదివాసే. ఆమెకు ఆదివాసి వేషం ఎందుకు వేస్తున్నారు? ఆమె అమ్మమ్మ ఎన్నడూ కట్టని ఆకులు ఆమెకు ఎక్కడివి? ఆ వేషం సినిమా నుంచి వచ్చింది, సినిమాకు ఇలాంటి బొమ్మల నుంచి వచ్చింది. ఆ వేదిక మీద ఆ పూట మన పిల్ల చెక్కమనిషి అవుతుంది. కింద కూర్చున్న పిల్లలు చప్పట్లు కొడతారు, కొందరు నవ్వుతారు. ఆ నవ్వు ఆమె వెంట ఇంటి దాకా పోతుంది. మరుసటి రోజు నుంచి ఆమె తన భాషలో మాట్లాడటానికి సిగ్గుపడితే అందుకు ఆమెను తప్పుపట్టకండి.

మనకు బొమ్మలు లేక ఇలా చేస్తున్నామా? కోయల పడిగెలున్నాయి. ఒక్కో గుడ్డ మీద ఒక్కో గోత్రం కథ ఉంది, దాన్ని చూపిస్తూ పాడే డోలీలున్నారు. సవర ఇళ్లలో గోడ మీద పెద్దల కోసం, దేవతల కోసం గీసే బొమ్మలున్నాయి. ఆదిలాబాద్ వైపు ఓజాలు మైనం అచ్చుతో పోసే ఇత్తడి బొమ్మలున్నాయి. ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గోండుల కథలను కిక్రి మీద పాడే తోటీలున్నారు. గుంజాలలో దొరికిన గోండి లిపి ఉంది. అందులో మన పేర్లు మనమే రాసుకోవచ్చు. ఇన్ని ఉండగా కోడి ఈకలెందుకు?

అందుకే మేం కొన్ని మాటలు సూటిగా చెబుతున్నాం.

టీచర్లకు: ఏ ఆదివాసి బొమ్మ కనిపించినా, అది మ్యూజియంలోదైనా, పాఠ్యపుస్తకంలోదైనా, టీ పొట్లం మీదిదైనా, పిల్లల చేత ఐదు ప్రశ్నలు అడిగించండి. ఈ బొమ్మ ఎవరు చేశారు? ఎవరు డబ్బిచ్చి చేయించారు? ఇందులో ఉన్నది ఏ జాతి, ఏ ఊరు, ఏ మనిషి? బొమ్మ చేసే రోజుల్లో ఆ మనుషుల భూమి ఎవరి చేతిలో ఉంది? ఇదే కాలంలో ఆ మనుషులు తమ బొమ్మ తాము గీసుకున్నారా, అదెక్కడుంది? ఈ ఐదింటికీ జవాబు దొరక్కపోతే, దొరకలేదనే రాయించండి. ‘గొప్ప కళ’ అన్న మాటతో ఆ ఖాళీని పూడ్చకండి.

ఆగస్టు 9న వేషాలు మానండి. పిల్లలు రోజూ ఇంట్లో ఎలా ఉంటారో అలాగే రానివ్వండి. పండగ దుస్తులు తెస్తామంటే తమ ఇంటివే తేనివ్వండి, అవి ఏ పండగవో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఒక కాగితం ఇచ్చి ఇంట్లో ఒక పెద్దమనిషి బొమ్మ గీయమనండి. కింద ఆ మనిషి పేరు, ఇంటిపేరు, గోత్రం, ఊరు, చేసే పని రాయించండి. గీత వంకర పోతే పోనివ్వండి. పేరు మాత్రం తప్పు పోకూడదు.

యువతకు: ఫోన్ మీ చేతిలో ఉంది. మన వీడియోలు మనమే తీస్తున్నాం, మంచిదే. కానీ ఎక్కువమంది చూస్తారని ఆకులు కట్టుకుని, అడవి మనుషుల్లా అరుస్తూ తీస్తున్నవాళ్లు మనలోనే ఉన్నారు. పాత దుకాణదారుడికి శిల్పి కావలసి వచ్చాడు. ఇప్పుడు అతనికి ఆ ఖర్చు కూడా లేదు, మనల్ని మనమే చెక్కి ఇస్తున్నాం. ఆ పని ఆపండి. బొమ్మలు గీయండి, అమ్మండి, సంపాదించండి. ఏం గీయాలో మీరే తేల్చుకోండి, కింద మీ పేరు పెట్టండి, ధర మీరే చెప్పండి. ఎవరైనా మన బొమ్మ సరుకు మీద వేస్తే ఎవరినడిగి వేశారని అడగండి. ఒక్కరే అడిగితే వినరు. గూడెం సభలో తీర్మానం చేసి అడగండి.

వాషింగ్టన్ మ్యూజియంలోని ఆ చిత్రం కింద ఏం రాయాలో అక్కడి ఆదివాసులు తేలుస్తారు, ఆ హక్కు వాళ్లది. మన గోడల మీది బొమ్మల కింద ఏం రాయాలో తేల్చాల్సింది మనం. ఈ ఏడు మీ బడి గోడ మీద, మీ మండల కార్యాలయం గోడ మీద, మీ ఊరి దారిలోని బోర్డు మీద పేరు లేని ఆదివాసి బొమ్మలు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టండి. ఆ లెక్కను గ్రామసభ ముందు పెట్టండి. పేరు రాయాలా, మార్చాలా, తీసేయాలా అన్నది అక్కడ కూర్చున్న పెద్దలు, ఆడవాళ్లు, పిల్లలు కలిసి చెప్పాలి.